పదకొండును నలభైతో భాగిస్తే

ముప్ఫై నాలుగు సెకన్ల ఆ వీడియోను అయిదోసారి వేశాక కూడా సేఫ్టీ ఆఫీసరు ప్రతాప్ తల ఊపుతూనే ఉన్నాడు. జనరల్ మేనేజరు నాగభూషణం ఏ వైపు చూస్తే ఆ వైపుకు ఊగే తల అది. లాప్‌టాప్ ముందు కూర్చున్న తనూజ ఆ తల వంక చూడకుండా, వీడియోను మళ్లీ మొదటికి తెచ్చి ఆపింది. సైడింగ్‌లో ఉన్న అరవై కెమెరాలూ, వాటి రికార్డింగులూ ఆమె చూసుకోవలసిన పని. ఈ ముక్కను కత్తిరించి ఇచ్చిందీ ఆమే.

"ఇంకా ఏమైనా చెప్పేదుందా?" అన్నాడు నాగభూషణం.

బల్లకు అవతల నిలబడి ఉన్నవాడు ఆదినారాయణ. రైల్వేలో ముప్ఫై ఆరేళ్లు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక చకర్‌భాటా స్టేషను దాటిన తర్వాత ఉన్న ఈ బొగ్గు కడిగే వాషరీ సైడింగ్‌లో కాంట్రాక్టు మీద అదే పని చేస్తున్నాడు. విచారణకని ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. విచారణకు ఇస్త్రీ చేయించుకుని వచ్చేవాళ్లంతా తప్పు చేసినవాళ్లేనని తనూజ అభిప్రాయం.

"ఎర్రజెండా సూపించినాను బాబూ," అన్నాడు ఆదినారాయణ. "అప్పుడూ అదే సెప్పినాను, ఇప్పుడూ అదే సెప్తన్నాను."

కిందటి గురువారం సాయంత్రం నాలుగూ నలభైకి మూడో లైను మీద ఖాళీ వేగన్లను ఇంజను వెనక్కి నెడుతోంది. అవి ఆగినప్పుడు, వేగన్లు చూసే రమణబాబు బ్రేకు పైపు బిగించడానికి రెండింటి మధ్యకు దూరాడు. మనిషి లోపల ఉన్నంతసేపూ పాయింట్స్‌మన్ ఎర్రజెండా పట్టుకుని నిలబడాలి, డ్రైవరు ఇంజను కదపకూడదు. ఇంజను కదిలింది. రమణబాబు కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. తనకు ఏ జెండా కనబడలేదని డ్రైవరు దిలీప్ రాసిచ్చాడు. కెమెరా కూడా అదే చెప్పింది. బూడిదరంగు పట్టాలు, తుప్పురంగు వేగన్లు, వాటి ముందు మనిషి ఆకారంలో ఒక మరక. జెండా లేదు.

"మీరు చెప్పింది నమ్మాలా, కళ్లముందు కనబడేది నమ్మాలా?" అన్నాడు నాగభూషణం. హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి. వేదిక మీద మాట్లాడినట్టు ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడతాడు. "మందు తాగి డ్యూటీకి వస్తే జెండా ఎక్కడ గుర్తుంటుంది?"

"నాను మందు ముట్టి పదకొండేళ్లయినాది."

"అయినాది!" అని నాగభూషణం ప్రతాప్ వైపు తిరిగి నవ్వాడు. ప్రతాప్ రాయ్‌గఢ్ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా నవ్వాడు. తనూజ కూడా నవ్వింది. ఇంట్లో తన తల్లి మాట్లాడేది సరిగ్గా అలాగే. అందుకే మరికాస్త గట్టిగా నవ్వింది.

ఆదినారాయణ నవ్వులు పూర్తయ్యేదాకా ఆగాడు. తర్వాత జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, గోడమీది టీవీ దగ్గరకు వెళ్లి, మెడ సాచి చూశాడు.

"ఇది నానేనా అమ్మా?" అన్నాడు తనూజతో.

"అవును."

"జెండా నేదు, సరే. నా సేతులేవి?"

ప్రతాప్‌కు నాగభూషణం హిందీలో చెప్పాడు, "అడుగుతున్నాడు, చేతులెక్కడున్నాయని." ఇద్దరూ మళ్లీ నవ్వారు. తనూజకు ఈసారి నవ్వడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో ఆమె టీవీ వైపు చూసింది. మరకకు తల ఉంది, మొండెం ఉంది, కాళ్లలాంటివి ఉన్నాయి. చేతులు లేవు.

బుధవారంలోగా సంజాయిషీ రాసివ్వాలనీ, అంతవరకు డ్యూటీ లేదనీ, శుక్రవారం కాగితాలు పోలీసులకు వెళతాయనీ నాగభూషణం చెప్పాడు. ఆదినారాయణ గేటు పాసు తీసి బల్లమీద పెట్టి వెళ్లాడు.

*

సాయంత్రం తెలుగు రైల్వే కుటుంబాలుండే తార్‌బాహర్ కాలనీలో ఇంటికి చేరేసరికి ఆ వీడియో ఆమెకంటే ముందే చేరి ఉంది. తల్లి మంగాయమ్మ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది.

"ఇది సూసినావేటే? మన ఆదినారాయణ. బజార్లో అందరి ఫోన్లలోనూ ఇదే. మేనల్లుడి కాలు ఇరగ్గొట్టీసినాడు."

"మేనల్లుడా?"

"రమణబాబు ఆడి అక్క కొడుకు కాదేటి? రమణబాబు పెళ్లాం చిన్నమ్మి హాస్పిటల్లో మామ మొహం సూడనందట. కేరేజీ తెస్తే తిప్పి పంపీసింది."

తనూజ ఫోను తీసుకుంది. బయటికి వదిలింది ప్రతాప్ అయి ఉంటాడు. అతనికి చేతనైన పని అదొక్కటే. చేతులు మారినప్పుడల్లా వీడియో మరికాస్త నలిగి, ఇప్పుడు ఆదినారాయణకు కాళ్లు కూడా లేవు. నాలుగు చదరపు ముక్కలు నిలువుగా పేర్చినట్టున్నాడు. కింద వ్యాఖ్యలు. 'తాగుబోతు', 'రైల్వే పరువు తీశాడు', సిగ్గులేదని హిందీలో 'షరమ్ నహీ హై'. రాసినవాళ్లలో సగంమంది అతని పక్క క్వార్టర్లలో పెరిగినవాళ్లు. నాలుగు ముక్కల మసకను చూసి మనిషి తాగాడో లేదో తేల్చగల మేధావులు.

"ఇందులో నీకేం కనబడుతోందమ్మా?"

"ఆడే. తెలీడం నేదా?" అంది మంగాయమ్మ.

"ముఖం కనబడుతోందా?"

"మొహమెందుకు? అందరూ ఆడేనంటన్నారు గదా."

తనూజకు తల్లి మీద చిరాకు వేసింది. కాసేపటికి, పొద్దున ఆ గదిలో తాను చేసింది కూడా ఇంతకంటే గొప్పదేమీ కాదనిపించింది. అది ఆమెకు నచ్చలేదు.

*

మంగళవారం ఆమె అసలు ఫైలును ఒక్కొక్క బొమ్మగా విడదీసి చూసింది. కంట్రోల్ రూములో ఆపరేటరు క్రికెట్ చూస్తున్నాడు. గురువారం నాలుగూ నలభైకీ అదే చూస్తూ ఉండి ఉంటాడు. ఆ సమయంలో తెర మీద, దాచుకోనక్కర్లేని లైవ్ బొమ్మ చక్కగా వచ్చి ఉంటుంది, చూసిన నాథుడు లేడు. మిగిలింది రికార్డింగే.

వీడియోలో ప్రతి బొమ్మనూ యథాతథంగా దాచుకోరు, అంత చోటు ఎక్కడా ఉండదు. బొమ్మను గళ్లుగా కోస్తారు. ఎన్నో బొమ్మలకొకసారి ఒక పూర్తి బొమ్మను దాచి, మధ్యలోవాటికి మారిన గళ్ల సంగతి మాత్రమే రాస్తారు. గడిలో మార్పు చిన్నదైతే 'ముందున్నదే' అని రాసుకుని ముందుకు పోతారు. వెలుగుకు ఇచ్చే చోటులో నాలుగో వంతే రంగుకు ఇస్తారు. మనిషి కన్ను రంగుల్లో తేడాను అంతగా పట్టించుకోదని లెక్క. కాలేజీలో తనూజకు నచ్చిన ఒకే ఒక్క పాఠం ఇది.

ఆదినారాయణ నిలబడ్డ గళ్లను ఆమె పెద్దవి చేసింది. దాదాపు అన్నింటికీ ఒకటే గుర్తు. ముందున్నదే. ముందున్నదే. అతని వెనక తుప్పురంగు వేగను. తుప్పు ముందు ఖాకీ చొక్కా చేతులు, తుప్పు ముందు బొగ్గుదుమ్ము పట్టిన ఎర్రగుడ్డ. యంత్రం దృష్టిలో అన్నీ ఒకటే.

ఆమె ఆదినారాయణకు ఫోన్ చేసింది. "రేపు సాయంత్రం నాలుగింటికి సైడింగ్‌కి రాగలరా? జెండా తెచ్చుకోండి."

"జెండా కంపెనీది గదా అమ్మా, తీసీసుకున్నారు. ఇంట్లో రైల్వేది పాతదుంది."

"అదే తీసుకురండి."

బుధవారం గేటు దగ్గర గార్డు అతన్ని లోపలికి రానివ్వలేదు. ఆమె వెళ్లి సంతకం పెట్టి విజిటరు పాసు ఇప్పించింది. మూడేళ్లుగా రోజూ నడిచిన పట్టాల మధ్యకు అతను మెడలో 'విజిటర్' అన్న అట్టముక్కతో నడిచాడు. దాన్ని చొక్కా లోపలికి తోసేసుకున్నాడు.

"గురువారం ఎక్కడ నిలబడ్డారో అక్కడే, ఎలా నిలబడ్డారో అలాగే నిలబడండి," అంది. "నేను ఫోన్ చేసేదాకా."

"ఇంజను నేకుండానే?"

"లేకుండానే."

మూడో లైను పక్కన ఆరోజూ తుప్పురంగు వేగన్లే నిలిచి ఉన్నాయి. ఆమె పైకి వెళ్లి తెర ముందు కూర్చుంది. ఎనభై మీటర్ల దూరంలో అతను కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, కుడిచేయి భుజానికి సమంగా చాచి జెండా పట్టాడు. ఎడమచేత్తో గుడ్డ కొనను కిందికి లాగి పట్టుకున్నాడు, గాలికి చుట్టుకుపోకుండా. ఎవరూ చెప్పకుండా చేసిన పని అది. లైవ్‌లో ఎరుపు స్పష్టంగా కనబడింది, తెర మీది ఆ బొమ్మను ఆమె తన ఫోనుతో వీడియో తీసుకుంది. పది నిమిషాలు కదలలేదు. ఎండ మొహం మీదే పడుతోంది. క్రికెట్ చూస్తున్న ఆపరేటరు ఒకసారి తలెత్తి, "యే బుడ్ఢా క్యా కర్ రహా హై?" అని, ఆ ముసలాడు అక్కడేం చేస్తున్నాడని అడిగి, మళ్లీ తల దించుకున్నాడు.

తర్వాత ఆమె రికార్డింగు తీసి చూసింది. మరక. చేతులు లేవు. జెండా లేదు. ఎప్పుడో ఒక పూర్తి బొమ్మ వచ్చినచోట భుజం పక్కన చిన్న గోధుమరంగు మచ్చ కనబడింది, అంతే.

ఆమెకు ఒక్కసారి సంతోషం వేసింది. నాగభూషణం మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంది. ఇంత దరిద్రంగా ఈ సెట్టింగులు పెట్టిన వెధవ ఎవడో పేరుతో సహా బయటపెట్టాలని రికార్డరులోని మార్పుల చిట్టా తెరిచింది. కెమెరాలు బిగించిన ఏజెన్సీవాళ్ల పని అయి ఉంటుందనుకుంది. చిట్టాలో తేదీ పద్నాలుగు నెలల కిందటిది, ఆదివారం మధ్యాహ్నం. మార్చినవారి పేరు దగ్గర తనూజ అని ఉంది.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. తొంభై రోజుల రికార్డింగు ఉండాలని నాగభూషణం అన్నాడు. ఉన్న డిస్కుల్లో ఇరవై రెండు రోజులే పడుతుంది. "ఏదో ఒకటి చెయ్యండి," అన్నాడాయన. ఎలాగో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. అంకెలు ఒక్కొక్కటే బిగిస్తూ, డిస్కు నిండే రోజులు పెరుగుతుంటే చూసుకుని మురిసిపోయింది. తొంభై రోజులు సాధించి చూపించింది. తర్వాత మీటింగులో చప్పట్లు కొట్టారు. అంత బిగించాక ఎనభై మీటర్ల దూరంలో ఏం మిగులుతుందో ఆరోజు చూడలేదు. ఎందుకు చూడాలి? ఎనభై మీటర్ల దూరంలో ఉండేవాళ్లు పాయింట్స్‌మన్లూ, బొగ్గు ఊడ్చే ఆడవాళ్లూ.

అతన్ని చేయి దించమని చెప్పడం మరిచిపోయింది. కిటికీలోంచి చూస్తే ఆదినారాయణ ఇంకా చేయి చాచే ఉన్నాడు.

*

కిందికి వెళ్లి అతన్ని వేగన్లు తూచే వేబ్రిడ్జి గది నీడలో కూర్చోబెట్టింది. రెండు వీడియోలూ చూపించింది. అతను భుజం నొక్కుకుంటూ చూశాడు.

"అయితే జెండా ఏటయినాది?"

ఆమె కాగితం మీద రాసింది. "మీ జెండాకూ వెనక వేగనుకూ తేడా పదకొండు అనుకోండి. రాసుకునే ముందు యంత్రం దాన్ని ఒక అంకెతో భాగిస్తుంది. ఆ అంకె ఇక్కడ నలభై. పదకొండును నలభైతో భాగిస్తే?"

"ఏటుంటాది, పావు మీద కూసింత."

"పావులూ అర్ధలూ రాసుకోదు. దగ్గరి పూర్తి అంకెకు సర్దుతుంది. సున్నా. మళ్లీ చూపించేటప్పుడు నలభైతో గుణిస్తుంది."

"సున్నాని ఎంతతో గుణిస్తే ఏటొస్తాది," అన్నాడు ఆదినారాయణ. కాగితం వంక చాలాసేపు చూశాడు. "మరి ఆ పదకొండు ఇంకెక్కడేనా ఉన్నాదా?"

"లేదు. ఒకసారి పోతే పోయినట్టే."

"అచ్ఛా. కోతిలాగ గెంతుతా జెండా ఊపితే కనబడేదేటి?"

"కనబడేదేమో."

"రూలు పెకారం నిలబడితే కనబడదు." అతను లేచాడు. "ఆ నలభై ఎవులెట్టినారమ్మా?"

తనూజ కాగితం మడిచింది. "రేపు చెప్తాను," అంది. జవాబు తెలిసి కూడా వాయిదా వేసేవాళ్లను ఆమె జీవితమంతా అసహ్యించుకుంది.

*

గురువారం పొద్దున నాగభూషణం రెండు వీడియోలూ, మార్పుల చిట్టా కాగితమూ చూసి, మునుపటికంటే మర్యాదగా మాట్లాడాడు. మర్యాద పెరిగిందంటే ఏదో జరగబోతోందని అర్థం.

"మంచి పని చేశారు తనూజా. చూడండి, దీన్ని 'సాంకేతిక పరిమితి' అని రాద్దాం. వీడియో ద్వారా నిర్ధారణ కాలేదు, సంశయ లాభం కింద కేసు లేకుండా వదిలేస్తున్నాం. ఆయన కాంట్రాక్టు మాత్రం పొడిగించం. ఆయన వయసుకు విశ్రాంతి మంచిదే కదా."

"సంశయ లాభం అంటే?"

"చేశాడో లేదో మనకు తెలియదని."

"అందరూ చేశాడనే అనుకుంటారు."

"అందరూ అంటే ఎవరు? మీ కాలనీవాళ్లా?" నవ్వాడు. "ఆ చిట్టా కాగితం రిపోర్టుకు అక్కర్లేదు. అందులో మీ పేరుంది. మీరు తెలివైనవాళ్లు. జనవరిలో రెండో సైడింగ్ వస్తుంది, అక్కడి కెమెరాలన్నీ మీ చేతిలో పెడదామనుకుంటున్నాను. ఆలోచించుకోండి."

ఆయన పక్కన ప్రతాప్ తల ఊగింది. తనూజ ఆ తలను తేరిపార చూసింది. ఇన్నాళ్లూ దాన్ని చూసి నవ్వుకుంది. మీటింగులో చప్పట్లు కొట్టినరోజు తన తల ఎలా ఊగిందో ఎవరైనా రికార్డు చేసి ఉంటే బాగుండేది. పూర్తి స్పష్టతతో.

ఆమె తన సీటుకు వెళ్లి రిపోర్టు టైపు చేసింది. దూరంగా ఉన్న చిన్న ఆకారాలూ రంగులూ చెరిగిపోయేలా రికార్డింగు సెట్టింగులు మార్చింది తానేననీ, ఆ ఫలితాన్ని పరీక్షించలేదనీ, ఇలాంటి వీడియో ఆధారంగా ఎవరిమీదా నేరం మోపడానికి వీల్లేదనీ రాసింది. 'సాంకేతిక పరిమితి' అన్న మాట ఎక్కడా రాయలేదు. చిట్టా జతచేసి, విచారణలో ఉన్న ప్రతివాడికీ, పోలీసు స్టేషనుకూ, సైడింగులను తనిఖీ చేసే రైల్వే అధికారికీ పంపేసింది.

మధ్యాహ్నానికల్లా ఆదినారాయణ మీది నోటీసు వెనక్కి తీసుకున్నారు. సాయంత్రానికల్లా తనూజ ఐడీ కార్డు తీసుకున్నారు. రెండు కాగితాల మీదా ఒకే సంతకం. రెండూ చక్కటి ఇంగ్లీషులో ఉన్నాయి.

*

శుక్రవారం పొద్దున ఆమె ఆదినారాయణ ఇంటికి వెళ్లింది. అతను గుమ్మంలో కూర్చుని టిఫిను కేరేజీ కట్టుకుంటున్నాడు. అతని భార్య అప్పలనర్సమ్మ లోపలి నుంచి టీ తెచ్చి ఇచ్చింది.

"ఆ నలభై పెట్టింది నేనే," అంది తనూజ, టీ తాగకుండానే.

ఆదినారాయణ కేరేజీ గిన్నెలు ఒకదానిమీద ఒకటి సర్ది, కొక్కెం బిగించాడు.

"నువ్వా?"

"పద్నాలుగు నెలల కిందట. నిన్న రాసిచ్చేశాను. మీ నోటీసు తీసేశారు. క్షమించండి అని చెప్పడానికి..."

"పద్నాలుగు నెల్లు," అన్నాడతను. కోపం లేదు. ఆమె వంక చూసిన చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది. చెడిపోయిన పనిముట్టును చూసినట్టు చూశాడు. "నాకు సెప్తే ఏటి లాభం? నా సేతిలో ఏటున్నాదో నాకు తెల్సు. సిన్నమ్మికి సెప్పు. రా."

అతను ముందు నడిచాడు. హాస్పిటల్లో వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయి, కేరేజీ చేత్తో పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. "ఆ కిటికీ పక్క మంచం," అన్నాడు.

రమణబాబు కాలు కట్లతో ఎత్తుగా వేలాడుతోంది. మంచం పక్క స్టూలు మీద బట్టల సంచి. చిన్నమ్మి నిలబడి బత్తాయి వలుస్తోంది.

"కంపెనీవోలా?"

"నిన్నటిదాకా. కెమెరాలు నావే." తనూజ ఫోను తీసింది. "కంప్రెషన్‌లో మాక్రోబ్లాక్..."

"మన మాటల్లో సెప్పండి."

తనూజ ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. జాగా సరిపోదని కెమెరా సన్న సంగతులన్నీ పారేస్తుందనీ, ఎంత పారెయ్యాలో తానే చెప్పాననీ, ఎక్కువ పారెయ్యమన్నాననీ చెప్పింది. బుధవారం తీసిన రెండు వీడియోలూ చూపించింది. ఒకదాంట్లో ఎర్రజెండాతో మనిషి. రెండోదాంట్లో అదే మనిషి, అదే నిమిషం, జెండా లేదు.

చిన్నమ్మి రెండూ రెండుసార్లు చూసింది. బత్తాయి తొనలు రమణబాబు చేతిలో పెట్టింది.

"ఇది బుధవారంది. కాలిరిగినరోజు మామ జెండా సూపించినాడని నువ్వు సూసినావా?"

"లేదు."

"మరెవులు సూసినారు?"

"ఎవరూ చూడలేదు. అది ఎక్కడా మిగల్లేదు."

"మరేటి సూసి నమ్మమంటావు?"

తనూజ దగ్గర దీనికి ఫైలు లేదు. ఇన్నేళ్లుగా ఎవరేమన్నా 'రికార్డు చూద్దాం' అనడం అలవాటు. 

"ఆయన చూపించానంటున్నాడు. నా దగ్గర అంతే ఉంది," అంది.

రమణబాబు తొనలు తినడం మాని, పైకప్పు వంక చూస్తూ మాట్లాడాడు.

"నాను లోనకి దూరే ముందల 'మామా' అని కేకేస్తాను. ఎప్పుడూ అంతే. ఆ దినమూ కేకేసినాను. ఆడు 'ఊఁ, జెండా ఏసినాను, ఎల్లు' అన్నాకే దూరినాను."

"ఇది విచారణలో చెప్పలేదా?" అంది తనూజ.

"ఎవులడిగినారు? వీడియో ఉన్నాదన్నారు గదా." అతను కళ్లు మూసుకున్నాడు. "ఆ తర్వాత మా సిన్నమ్మి ఆ వీడియో ఫోన్లో సూపించింది. పదిసార్లు సూసినాను. సూసినకొద్దీ, ఆ 'ఊఁ' నాను ఇన్నానో, ఇన్నాననుకున్నానో తెలీకుండా పోయినాది. మామ గొంతుకంటే ఆ బొమ్మనే నమ్మీసినాను."

 పక్క మంచం మీది ముసలాయన ఇటు తిరిగి వింటున్నాడు. చిన్నమ్మి బత్తాయి తొక్కలు కాగితంలో చుట్టి, చేతులు తుడుచుకుంది. స్టూలు మీద ఉన్న బట్టల సంచి తీసి మంచం కిందికి తోసింది. స్టూలును చీర కొంగుతో ఒకసారి తుడిచింది.

"గుమ్మంలో నిలబడ్డాడు గావాల," అంది, తనూజ వైపు చూడకుండా. "కేరేజీ సల్లారిపోతాది. రమ్మను."